హోదా: ఇతరములు

జనవరి 11

బొంగరానికి,

ముందు ఎక్కడైనా కూర్చో. కూర్చున్నావా? ఇప్పుడు చదువు.

నిన్న పొద్దున కంపెనీవాళ్ళు నన్ను ఏ బిల్డింగుకి పంపారో చెప్పుకో చూద్దాం. నువ్వు ఏడాదిగా కలవరిస్తున్న ఆ ఫిజియోథెరపీ కాలేజీకి! ఆఫీసు బ్లాకులో లిఫ్టు అంతస్తుకి సమంగా ఆగడం లేదట, నాలుగు వేళ్ళు కిందికి జారి ఆగుతోందట, ఎవరో పెద్దాయన కాలు తట్టుకుని బోర్లా పడబోయాడట. చూస్తే బ్రేకు లైనింగు అరిగిపోయింది, అంతే. గంటన్నర పని. నేను మాత్రం నాలుగు గంటలున్నాను. ఎందుకంటావా? లిఫ్టు పక్కనే నోటీసు బోర్డు, బోర్డు మీద అడ్మిషన్ల కాగితం!

మొత్తం వంద పాయింట్లు. మార్కులకి డెబ్భై, ఇంటర్వ్యూకి పదిహేను, ఆటలకి పదిహేను. ఆటలకే పదిహేను! స్కూలు స్థాయిలో పాల్గొంటే నాలుగు, ప్రాంతీయ పోటీలయితే ఎనిమిది, జాతీయ పోటీలదాకా వెళితే పదిహేనూ నీవే. ఒక్క పాయింటు కోసం పిల్లలు పుస్తకాలు నమిలి మింగుతుంటే, ఇక్కడ బంతి వెనకాల పరిగెడితే పదిహేను! నా చేతిలో స్పానరు జారి కాలి మీద పడింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పేదాకా నొప్పి తెలియలేదు.

"మోకాలు నయమైంది, మళ్ళీ గ్రౌండుకి వెళ్తున్నాను" అని దసరా బుల్లోడిలా గంతులేస్తూ రాశావే, ఆ ఉత్తరం ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. అడ్మిషన్ల కిటికీ వెనక కూర్చునే ఆవిడకి అప్పుడే చెప్పేశాను, మా మేనకోడలు ఫుట్‌బాల్లో ఫార్వర్డ్ అని. ఆవిడ తల ఎత్తకుండా "ఫారం ఇప్పుడే పంపచ్చు, ఆటల సర్టిఫికెట్ ఫిబ్రవరి నెలాఖరులోగా జతచెయ్యాలి, దాని మీద హెడ్మాస్టరు సంతకం ఉండాలి" అంది. ఫారం దీంతో పాటు పంపుతున్నాను. మడత పడకుండా అట్ట పెట్టాను.

మీ అమ్మకి ఏమీ చెప్పలేదులే. నీ మోకాలు దెబ్బతిన్న రోజు నుంచీ బంతి అన్న మాట వినబడితే చాలు, అక్క కుట్టుమిషన్ ఆపి మరీ తిడుతోంది. సీటు వచ్చాక చెబుదాం. అప్పుడు తిట్టినా తియ్యగా ఉంటుంది.

కాలు జాగ్రత్త. గోల్స్ ఎన్నో రాయి.

స్పానరు దెబ్బతో కుంటుతున్న
నీ మావయ్య


జనవరి 20

మావయ్యా,

నీ ఉత్తరం వార్డెన్ చేతి నుంచి నా చేతికి వచ్చేసరికే సగం భోజనాల హాలుకి తెలిసిపోయింది, కవరు మీద "అతి ముఖ్యం" అని ఎర్ర సిరాతో మూడుసార్లు రాశావు మరి. ఫోన్లు ఇనుప బీరువాలో ఉంటాయి కదా, ఆదివారం ఇచ్చే పది నిమిషాలూ అమ్మవే. అందులో తొమ్మిది నిమిషాలు "తిన్నావా, చదివావా." మిగిలిన నిమిషం "మరి బాగా చదువు." కాబట్టి నాకు ఊసులన్నీ చెప్పుకోడానికి నీ ఉత్తరాలే గతి.

పదిహేను పాయింట్ల సంగతి చదివి నేనూ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. నా గదిలో ఉండే గునపం (అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, బంతి దొరికితే ఎదురుగా గోడ ఉన్నా తవ్వుకుంటూ పోతుంది, అందుకని గునపం) ఆ కాగితం లాక్కుని రెండుసార్లు చదివింది. తనూ అదే కాలేజీకి అప్లికేషన్ పెడుతోంది. ఫిబ్రవరి రెండున ప్రాంతీయ ఫైనల్, మా స్కూలుకీ కొండ మీది స్కూలుకీ. గెలిచిన జట్టు జాతీయ పోటీలకి. అంటే ఆ ఒక్క మ్యాచ్‌తో ఎనిమిది కాస్తా పదిహేను అవుతుంది! గునపం ఆ రోజు నుంచి నిద్రలో కూడా తంతోంది. నా మంచం తన మంచానికి దూరంగా జరుపుకున్నాను.

నేనూ ఫైనల్లో ఉంటాను మావయ్యా. ప్రతి శనివారం మొదటి ఈల నుంచి చివరి ఈల దాకా గ్రౌండులోనే ఉంటున్నాను. మొన్న ఒక్క మ్యాచ్‌లో తొమ్మిది కిలోమీటర్లు పరిగెత్తానని గేమ్స్ టీచర్ లెక్క చెప్పారు. మోకాలు కిక్కురుమనలేదు. గోల్స్ సంగతి మాత్రం అడక్కు, అది వేరే కథ. తీరిగ్గా రాస్తాను.

ఫారం పంపేశాను. నంబరు 417.

అత్తయ్యకి నా ముద్దులు. స్నానాల గది దగ్గర నా వంతు వచ్చింది, పరిగెడుతున్నా.

బొంగరం


జనవరి 27

తొమ్మిది కిలోమీటర్ల తల్లికి,

గోల్స్ సంగతి అడగొద్దంటే అడగనులే. దిష్టి తగులుతుందని భయం కదూ? నాకు తెలుసు. పెద్ద ఆటగాళ్ళందరూ ఇంతేనట, లెక్క చెప్పరట.

ఇక్కడ నువ్వు చాలా ప్రసిద్ధురాలివి. పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటులో నెలవారీ సర్వీసుకి వెళ్ళాను. ఆరో అంతస్తు రిటైర్డు మాస్టారు, తొమ్మిదో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ, కింద కాపలాదారు, అందరికీ ఫైనల్ తారీఖు తెలుసు. పళ్ళ డాక్టరమ్మ "ఏ కాలితో కొడుతుంది?" అని అడిగింది. నేను ఒక్క క్షణం తడబడి "అవసరాన్ని బట్టి" అన్నాను. బాగా చెప్పానా?

అడ్మిషన్ల ఆవిడకి కూడా నంబరు చెప్పి వచ్చాను. 417 అని. రాసుకోలేదు కానీ విన్నది.

ఫైనల్ రోజున సాయంత్రం నాలుగింటికి నేను ఏ లిఫ్టులో ఉన్నా ఆపేసి ఒక నిమిషం నిలబడతాను. జనం తిడితే తిట్టనీ.

మావయ్య

అత్తయ్య ముక్క: అమ్మాయ్, నేను మందుల షాపులో పన్నెండేళ్ళుగా డాక్టర్ల రాత చదువుతున్నదాన్ని. రాసినదానికంటే రాయనిది ముందు కనబడుతుంది నాకు. నీ ఉత్తరంలో ఒకచోట "ఉంటాను", ఒకచోట "ఉంటున్నాను" అని ఉంది, "ఆడతాను" అని ఒక్కచోటా లేదు. మీ మావయ్యకి చెబితే నవ్వాడు. నేను నవ్వలేదు. ఏదైనా సరే, మా మీద కోపం మాత్రం తెచ్చుకోకు.


ఫిబ్రవరి 4

మావయ్యా, అత్తయ్యా,

అత్తయ్య కళ్ళకి దండం. నేను ఆడటం లేదు. ఏడాదిన్నర అయింది ఆడి.

మోకాలి డాక్టరు పరుగు ఫర్వాలేదన్నారు, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆటలు మాత్రం ఇక జన్మలో వద్దన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి బూట్లు మంచం కిందికి తన్నేశాను. ఎనిమిది నెలలు రోజూ నా మోకాలు వంచి చాచి నయం చేసిన ఫిజియోథెరపీ అక్కయ్య లేకపోతే ఇవాళ మెట్లు కూడా ఎక్కేదాన్ని కాదు, అందుకేగా ఆ చదువు మీద పడ్డాను. తర్వాత గేమ్స్ టీచర్ పిలిచి నా చేతిలో ఒక ఈల పెట్టారు. "పరిగెత్తడం వచ్చు, ఆట తెలుసు, నోరు ఉంది. రెఫరీ అవ్వు" అన్నారు. జూనియర్ రెఫరీ పరీక్ష రాశాను, పాసయ్యాను. నీకు "మళ్ళీ గ్రౌండుకి వెళ్తున్నాను" అని రాసింది ఆ రోజే. నువ్వు ఆడుతున్నాననుకుని పొంగిపోతూ జవాబు రాశావు. ఆ పొంగు మీద నీళ్ళు చల్లడానికి నాకు చెయ్యి రాలేదు. తప్పు నాదే.

ఇప్పుడు ఫైనల్ విను. ఊపిరి బిగబట్టుకుని విను!

నేను జెండా పట్టుకుని గీత దగ్గర ఉన్నాను, లైన్ రెఫరీగా. గోల్ అటూ లేదు ఇటూ లేదు. యాభై ఐదో నిమిషంలో పెద్ద రెఫరీకి పిక్క పట్టేసింది. మనిషి నిలబడలేకపోయాడు. రెండో లైన్ రెఫరీకి ఈల పరీక్ష ఇంకా కాలేదు. ఇక మిగిలింది నేను. "మీ స్కూలు పిల్లే కదా" అని కొండ మీది స్కూలు జనం గోల. వాళ్ళ కోచ్ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "సెమీఫైనల్లో ఈ అమ్మాయిని చూశాను, నాకు అభ్యంతరం లేదు" అంది. ఇద్దరు హెడ్మాస్టర్లూ కాగితం మీద సంతకం పెట్టారు. మా హెడ్మాస్టరు పెడుతూ నవ్వి నా భుజం తట్టారు. ఆ తట్టడంలో ఏముందో నాకప్పుడు అర్థం కాలేదు.

డెబ్భై ఎనిమిదో నిమిషం. ఆట ఎనభైకి అయిపోతుంది. మాకు కార్నర్. బంతి గాల్లోకి లేచింది, ఒకమ్మాయి వీపుకి తగిలి తిరిగింది, గునపం ముంజేతికి తగిలి సరిగ్గా తన కాలి ముందు పడింది. తన్నింది. నెట్ చిరిగిపోతుందేమో అన్నంత గట్టిగా! నాలుగు వందల మంది లేచి అరిచారు. చెయ్యి తగలడం ఎవరూ చూడలేదు, నేను తప్ప. నేను అయిదు అడుగుల దూరంలో ఉన్నాను.

ఈల వేశాను.

కావాలని తగిలించుకోలేదు, ఒట్టు. కానీ గోల్ కొట్టినవాళ్ళ చేతికి తెలిసి తగిలినా తెలియక తగిలినా ఆ గోల్ చెల్లదు. అది రూలు. గునపం నా ముఖంలో ముఖం పెట్టి "ఏంటే?" అంది. "చెయ్యి" అన్నాను. "తగల్లేదు." "తగిలింది." "నా పదిహేను పాయింట్లే అవి" అంది, మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా. నేను చెయ్యి దించలేదు. ఫ్రీ కిక్ ఎటో చూపిస్తూనే ఉన్నాను మావయ్యా. ఆ క్షణంలో నాకు ఎంత గర్వంగా ఉందో చెబితే పొగరనుకుంటావు.

ఆఖరికి పెనాల్టీల్లో నాలుగు మూడుతో ఓడిపోయాం.

గునపం రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. గదిలో నేను లైటు వేస్తే తను బయటికి వెళ్తుంది. నిన్న సర్టిఫికెట్ కోసం హెడ్మాస్టరు గదికి వెళ్ళాను. "మా జట్టులో లేని అమ్మాయికి మా స్కూలు ఆటల సర్టిఫికెట్ ఎలా ఇస్తుందమ్మా?" అన్నారు, ఎంతో మర్యాదగా. తలుపు వెయ్యమని కూడా చెప్పారు.

నాకు పదిహేనూ లేవు, ఎనిమిదీ లేవు, నాలుగూ లేవు. పళ్ళ డాక్టరమ్మకి ఏం చెబుతావో చెప్పుకో.

ఏ కాలితోనూ కొట్టని
బొంగరం


ఫిబ్రవరి 12

ఈలమ్మా!

నీ ఉత్తరం లిఫ్టు గుంతలో కూర్చుని చదివాను. చదివి పైకి వచ్చి కాపలాదారుకి చదివి వినిపించాను. తర్వాత అతను "అయితే గ్రౌండులో ఉన్నవాళ్ళందరికంటే మీ పిల్లే పెద్దదన్నమాట" అన్నాడు. ఔను కదా! ఇరవై రెండు మంది ఆగమంటే ఆగేది నీ ఈలకేగా! ఫార్వర్డ్ అని చెప్పుకు తిరిగినందుకు సిగ్గుపడాలో, ఇప్పుడు రెఫరీ అని చెప్పుకు తిరగాలో తెలియక రెండూ చేస్తున్నాను.

ఇక అసలు కబురు. ఇది విన్నాక ఆ హెడ్మాస్టరు సంతకం ఎవడిక్కావాలంటావు!

సోమవారం మధ్యాహ్నం కాలేజీలో కరెంటు ఎగుడుదిగుడై లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒకే మనిషి. నేను రెండు వీధుల అవతలే ఉన్నాను, పరిగెత్తాను. పైన మెషిన్ రూములో బ్రేకు వదులు చేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టుని అంగుళం అంగుళం దించాలి. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. లోపలున్నవాళ్ళు కంగారుపడకుండా ఫోను గొట్టంలో మాట్లాడుతూ ఉండాలని మా రూలు. ఏం మాట్లాడను? నాకు తెలిసిన కథ ఒక్కటే. మొదలుపెట్టాను, మోకాలు, ఈల, డెబ్భై ఎనిమిదో నిమిషం, హెడ్మాస్టరు, తలుపు. లోపలి నుంచి ఆవిడ "తర్వాత?" "తర్వాత?" అంటూనే ఉంది. ఆఖరికి "ఆ అమ్మాయి అప్లికేషన్ నంబరెంత?" అని అడిగింది. టకీమని చెప్పాను, 417.

తలుపు తెరిస్తే ఎవరనుకున్నావు? అడ్మిషన్ల కమిటీకి పెద్ద మేడమ్! చీర మడత నలగకుండా బయటికి వచ్చి, నన్ను ఒకసారి చూసి "థాంక్స్" అని వెళ్ళిపోయింది.

అదృష్టం అంటే ఇదేనే! వెతుక్కుంటూ పోయినా దొరకని మనిషి ఇరవై రెండు నిమిషాలు కదలడానికి లేకుండా దొరికింది. మీ అత్త మాత్రం విని పెదవి విరిచింది. దాని పద్ధతే అంత.

చక్రం తిప్పి భుజం పట్టేసిన
మావయ్య


ఫిబ్రవరి 21

మావయ్యా,

ఫారం వెనక పేజీ చదివావా? నువ్వే కదా అట్ట పెట్టి పంపింది. ఏడో నిబంధన: అభ్యర్థి తరఫున బంధువులుగానీ మిత్రులుగానీ కమిటీ సభ్యులతో మాట్లాడినట్టు తేలితే దరఖాస్తుని పక్కన పెడతారు.

పక్కన పెట్టారు. నిన్న కాగితం వచ్చింది. "417 విషయంలో ఒక బంధువు కమిటీ అధ్యక్షురాలితో మాట్లాడినట్టు ఆమే స్వయంగా తెలియజేసినందున విచారణ పూర్తయ్యేవరకు." మిగతాది నాకు కళ్ళు మసకేసి కనబడలేదు.

నువ్వు మంచికే చేశావు. నాకు తెలుసు. గునపం చెయ్యి కూడా కావాలని తగల్లేదు. అయినా ఈల వేశాను కదా. ఇప్పుడు నీ మీద వెయ్యకపోతే ఆ రోజు తన మీద ఎందుకు వేసినట్టు? అందుకని చెబుతున్నాను. నా గురించి ఎవరితోనూ మాట్లాడకు. కాలేజీలోనే కాదు, పళ్ళ డాక్టరమ్మతో కూడా.

అసలు ఈ ఉత్తరం వేరే విషయం రాయడానికి మొదలుపెట్టాను. ఆ కాగితం రాకముందు ఎగురుతూ ఉన్నాను. సోమవారం పొద్దున ప్రార్థన దగ్గర రన్నరప్ మెడల్స్ ఇచ్చారు. గునపం వంతు వచ్చింది. మెడల్ తీసుకుని దిగిపోకుండా మైకు దగ్గరికి వెళ్ళింది. తనకి మైకంటే చచ్చేంత భయం, తరగతిలో జవాబు చెప్పడానికే గొంతు రాదు. "బంతి నా చేతికి తగిలింది. నాకు ఆ రోజే తెలుసు" అంది. అంతే. దిగి వచ్చి వరసలో నా పక్కన నిలబడింది. హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

సాయంత్రం గదిలో లైటు నేను వేస్తే తను వెళ్ళలేదు. "నిద్రలో తన్నడం మానేశాను, నీ మంచం వెనక్కి జరుపుకో" అంది. ఇద్దరం పగలబడి నవ్వుకుని, తర్వాత ఏడ్చాం.

బుధవారం సర్టిఫికెట్ వచ్చింది. గుమాస్తా ఇచ్చారు. స్థాయి: పాఠశాల. హోదా అనే చోట ఆటగాడు, కెప్టెన్, ఇతరములు అని మూడు గళ్ళు ఉంటే, మూడోదానిలో టిక్కు. నేను ఇతరములు మావయ్యా. నాలుగు పాయింట్ల ఇతరములు. ఎంత సంబరపడ్డానో. ఒక్క రోజు.

బొంగరం


ఫిబ్రవరి 26

తల్లీ,

ఈలకి తల వంచాను.

ఆ ఏడో నిబంధన నేను చదవలేదు. యంత్రం వెనక అంటించిన హెచ్చరిక చదవకుండా వేలు పెట్టొద్దని ఇరవై ఏళ్ళుగా అందరికీ చెప్పేవాణ్ణి నేనే.

కాలేజీకి ఉత్తరం రాశాను. సిఫార్సు కాదు, మీ అత్త రెండుసార్లు చదివి పంపింది. "లిఫ్టులో మాట్లాడింది నేను. ఆ అమ్మాయికి తెలియదు, అడగలేదు. నా తప్పుకి తగ్గ శిక్ష ఏదైనా నాకు వెయ్యండి" అని నాలుగు వాక్యాలు. ఇంకో రెండు పేజీలు రాశాను కానీ అవి మీ అత్తే చింపేసింది. కంపెనీలో అడిగి ఆ కాలేజీ పని వేరే మెకానిక్‌కి మార్పించుకున్నాను. అడ్మిషన్లు అయ్యేదాకా ఆ గేటు దాటను. ఇంటర్వ్యూకి పిలిస్తే నువ్వు ఈ ఊరు వస్తావు కదా. స్టేషన్‌కి రాను. రావాలని ఎంతున్నా రాను.

మావయ్య

అత్తయ్య ముక్క: మనిషి మూడు రోజులుగా కాపలాదారుతో వాతావరణం గురించి మాత్రమే మాట్లాడుతున్నాడు. చూడలేకపోతున్నాను. నువ్వు బాగా రాశావు. అన్నం తిను.


మార్చి 16

మావయ్యా!

పిలిచారు! వెళ్ళాను! వచ్చేశాను!

గేమ్స్ టీచర్ తోడు వచ్చారు. తిరుగు బస్సు మీ వీధి చివరి నుంచే వెళ్ళింది. మీ బాల్కనీలో ఆరేసిన నీ నీలం యూనిఫాం కనబడింది. చెయ్యి ఊపాను, చొక్కాకి. టీచర్ ఏమనుకున్నారో ఏమో.

గదిలో ముగ్గురు. మధ్యలో పెద్ద మేడమ్. కూర్చోగానే మొదటి ప్రశ్న: "నీ తరఫున ఎవరైనా మాతో మాట్లాడారా?"

"మా మావయ్య మాట్లాడాడండి. లిఫ్టులో."

"నీకు తెలిసే జరిగిందా?"

"జరిగాక తెలిసిందండి."

"ఏం చెయ్యమంటావు?"

దారి పొడుగునా ఎన్నో జవాబులు అనుకున్నాను. అవన్నీ వదిలేసి నోటికి వచ్చింది చెప్పాను. "కావాలని చెయ్యకపోయినా చెయ్యి తగిలితే గోల్ తీసేస్తామండి. ఆయన మాట్లాడింది నా ఆటల గురించి. నా ఆటల పాయింట్లు నాలుగూ తీసెయ్యండి. కానీ ఆ తప్పుకి రెడ్ కార్డు లేదు, మనిషిని బయటికి పంపకూడదు."

కుడిపక్కన కూర్చున్నాయన పెన్ను కింద పెట్టేశారు. మేడమ్ పక్కవాళ్ళతో ఏదో గుసగుసలాడి, కాగితం మీద ఏదో కొట్టేసి, "సరే, ఆటలకి సున్నా. విచారణ అయిపోయింది. ఇక ఇంటర్వ్యూ మొదలుపెడదాం" అన్నారు!

తర్వాత అరగంట ప్రశ్నలు. "నొప్పి అని రోగి ఏడుస్తుంటే వ్యాయామం ఆపుతావా?" అని ఎడమవైపు ఆవిడ. నా మోకాలు వంచిన అక్కయ్య నన్ను రోజూ ఒకటే అడిగేది, లాగుతున్నట్టుందా, పొడుస్తున్నట్టుందా అని. లాగితే ఇంకాస్త, పొడిస్తే ఆపు. అదే చెప్పాను. "ఎవరు చెబుతారు, నువ్వా, రోగియా?" అన్నారు. "రోగి ముఖం చెబుతుందండి, నోరు ఒక్కోసారి అబద్ధమాడుతుంది, నేను కూడా ఆడాను" అన్నాను. నవ్వారు. అందరూ!

లేచి తలుపు దాకా వచ్చాక మేడమ్ పిలిచారు. "ఇది రికార్డులోకి రాదు. నాకు మూసిన గదులంటే భయం. ఆ రోజు మీ మావయ్య మాట ఆపి ఉంటే నేను కేకలు పెట్టేదాన్ని."

నువ్వు ఇక వాతావరణం కాక వేరే విషయాలు కూడా మాట్లాడచ్చు.

బొంగరం


ఏప్రిల్ 11

ముప్ఫై ఎనిమిదీ!

మొదటినుంచి చెబుతాను, ఆగు.

నిన్న జాబితా పెడతారని తెలుసు. నేను గేటు దాటనని మాటిచ్చాను. మీ అత్త షాపుకి సెలవు పెట్టి వెళ్ళింది. నేను ఆసుపత్రి లిఫ్టు బావిలో, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి పట్టాలకి నూనె రాస్తున్నాను, ఎనిమిదో అంతస్తు దగ్గర. ఫోనుకి అక్కడ సిగ్నల్ ఉండదు. పదకొండున్నరకి కింద నుంచి అరుపు. బావిలో అరుపంటే మామూలుగా ఉండదు, గోడ గోడకీ కొట్టుకుని పైకి వస్తుంది. "ముప్ఫై ఎనిమిదీ!" అని. నేను "ఏ అంతస్తు?" అని అరిచాను. "అంతస్తు కాదయ్యా, సీటు! నలభైలో ముప్ఫై ఎనిమిది!"

ఎప్పుడూ గొంతెత్తని మనిషి! కింద తలుపు సందులో తల పెట్టి, మందుల షాపు కోటుతోనే, ఆసుపత్రంతా వినబడేలా! ప్రతి అంతస్తులోనూ జనం తలుపుల దగ్గరికి వచ్చారట. నూనె డబ్బా ఒలికింది. కిందికి దిగేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం, ఒక నర్సు పరిగెత్తుకొచ్చి "ఎవరు పోయారు?" అని అడిగింది.

పాయింట్లు కూడా వేశారు. ఆటలు సున్నా. ఇంటర్వ్యూ పదిహేనుకి పదిహేను. ముప్ఫై తొమ్మిదోదానికీ నీకూ తేడా అర పాయింటు!

మధ్యలో రాసిన కార్డులో గునపం నంబరు ఇచ్చి చూడమన్నావు కదా. ఆటల పాయింట్లు ఎనిమిది ఉన్నా జాబితాలో లేదు, మీ అత్త మూడుసార్లు చూసింది. మరి ఆ పిల్ల?

ఈ కబురు ఎవరికి చెప్పచ్చో చెప్పు. పళ్ళ డాక్టరమ్మ మెట్ల మీద కూడా నా ముఖంలోకి చూస్తోంది. నీ అనుమతి కోసం కాచుకుని ఉన్నాను.

మావయ్య


ఏప్రిల్ 19

మావయ్యా, అత్తయ్యా,

అనుమతి ఇచ్చేశాను. పద్నాలుగు అంతస్తులకీ చెప్పుకో!

గునపం జాబితాలో లేకపోవడం తనకి నాకంటే ముందు తెలిసింది. ఏడు పాయింట్లు తక్కువైంది. పదిహేనులోంచి ఎనిమిది తీస్తే ఎంతో మా ఇద్దరికీ వచ్చు, ఎవరం పైకి అనలేదు. "మళ్ళీ అదే మ్యాచ్ అయితే ఈల వేస్తావా?" అని అడిగింది. "వేస్తాను" అన్నాను. "వెయ్యకపోతే తంతాను" అంది. ఆ మాట అన్న నాలుగో రోజున కొండ మీది స్కూలు కోచ్ దగ్గర్నుంచి తనకి ఉత్తరం. ఆవిడ వచ్చే ఏడాది నుంచి ఒక కాలేజీ జట్టుకి కోచ్‌గా వెళ్తోందట, "డెబ్భై ఎనిమిదో నిమిషంలో కూడా అలా పరిగెత్తే అమ్మాయి నాకు కావాలి, మైకు ముందు మాట్లాడిన సంగతి కూడా విన్నాను" అని రాసింది. గునపం ఇప్పుడు మెలకువలోనే తంతోంది. కుర్చీలు, బకెట్లు, ఏది దొరికితే అది.

ఆదివారం పది నిమిషాల్లో అమ్మకి అంతా చెప్పేశాను. మోకాలి డాక్టరు మాట, ఈల, ఫైనల్, సున్నా, సీటు. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. వార్డెన్ గడియారం చూపిస్తున్నారు. అప్పుడు అమ్మ, "చేతికి తగలడం నువ్వు కళ్ళారా చూశావా?" అంది. "చూశానమ్మా." "అయితే సరే" అంది. కుట్టుమిషన్ మళ్ళీ మొదలుపెట్టి, "రెఫరీలు నల్ల చొక్కా కదా వేసుకుంటారు, కొలతలు పంపు" అంది. ఫోను పెట్టేశాక నేను బీరువాకి ఆనుకుని కూర్చుండిపోయాను.

నిన్న స్కూల్లో మా ఆఖరి రోజు. టీచర్లకీ పిల్లలకీ ఫుట్‌బాల్. హెడ్మాస్టరు బనియను మీద పదో నంబరు అంటించుకుని వచ్చారు, మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని. ఈల నా చేతికి ఆయనే ఇచ్చారు.

ఇరవయ్యో నిమిషంలో ఆయన ఒంటరిగా గోల్ ముందు బంతి అందుకున్నారు. ఆఫ్‌సైడ్, రెండు గజాలు. ఈల వేశాను. ఆయన పట్టించుకోకుండా బంతిని నెట్‌లోకి తన్ని రెండు చేతులూ ఎత్తారు. నేను మళ్ళీ వేశాను. "ఎక్కడమ్మా ఆఫ్‌సైడ్? ఎవరు చూశారు?" అంటూ నా మీదికి వచ్చారు. సరదాకి మొదలుపెట్టారు కానీ గొంతు పెరుగుతూ పోయింది, ముఖం ఎర్రబడింది. గ్రౌండు చుట్టూ ఉన్న స్కూలంతా మా వైపే చూస్తోంది.

జేబులోంచి పసుపు కార్డు తీసి ఆయన ముఖం ముందు ఎత్తి పట్టుకున్నాను.

ఆయన కార్డు వైపు చూశారు. నా వైపు చూశారు. నేను చెయ్యి దించలేదు. ఎంతసేపో తెలియదు, నాకైతే ఎనభై నిమిషాలనిపించింది. తర్వాత ఆయన బంతి తెచ్చి, నేను చూపించిన చోట, వంగి, రెండు చేతులతో పెట్టారు. పెట్టి మెల్లగా పరిగెత్తుకుంటూ వెనక్కి తన చోటికి వెళ్ళిపోయారు.

నేను ఈల వేశాను. ఆట మొదలైంది.

బొంగరం